రంగు పోయిన చంద్రలోకం

భేస్తాన్, సూరత్
11 అక్టోబరు 2020

సిరిసిల్లలో ఉన్న బాపుకు నీరజ దండాలు.

ఇక్కడ నేనూ నీ అల్లుడూ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ భాగీరథి అత్తా బాగున్నారని నీ ఉత్తరం చూసి తెలిసింది. మనవాళ్ల పెళ్లికని మార్చిలో నాలుగు రోజులకు వెళ్లినవాడివి, లాక్‌డౌన్‌తో ఏడు నెలలుగా అత్త ఇంట్లో చిక్కుకుపోయావు. ఫోన్‌లో మాట్లాడదామంటే నీకు వినపడదు. ఉత్తరాలైనా ఉన్నాయి కదా అనుకున్నాను. ఉత్తరంలో అబద్ధం రాయడం ఫోన్‌లో చెప్పడం కన్నా తేలికని అప్పుడు తెలియదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. నీ అల్లుడికి హజీరా డ్యూటీ మళ్ళీ మొదలైంది. కంపెనీ బస్సులో సీటుకు ఒక్కరినే కూర్చోబెడుతున్నారట. నా కెమిస్ట్రీ పాఠాలు ఇంకా ఫోన్‌లోనే, పిల్లల మొహాలు కనపడవు. మన గల్లీలో మరమగ్గాల సాంచాలు సగమే తిరుగుతున్నాయి, మిగతా సగానికి మనుషులు ఊళ్ల నుంచి రాలేదు. మన గల్లీ అంబదాస్ మామ కరోనా నుంచి కోలుకున్నాడు. మెట్లెక్కితే మాత్రం ఆయాసం. నిన్న కింద నిలబడి, "ఏమే నీరజా, మీ బాపు ఇంకెప్పుడొస్తడు? చంద్రుని మీదికి పొయ్యెటోళ్లు గూడ ఇంటర్వెల్ లోపట్నే తిరిగొస్తరు గదనే!" అన్నాడు. గల్లీలో నలుగురూ నవ్వారు. నేను కిటికీ మూసేసుకున్నాను.

ఆ చంద్రుడి సినిమాల పెట్టె గురించే రాయాలి బాపూ.

నువ్వు సూరత్ వచ్చిన కొత్తలో సాంచాలకు సెలవున్న రోజు చూసిన ఆ రాకెట్ సినిమాలు, తగరపు డబ్బాలు తొడుక్కున్న యంత్రమనిషి, తలమీద గాజు గోళం బోర్లించుకుని చంద్రుడి మీద పట్టుచీరతో నిలబడ్డ నాయిక, అన్నీ నీ నోటివెంట విన్నవే. మూతపడ్డ సినిమా హాళ్ల గోదాముల్లో వెతికి, హాలు గోడల మీది అద్దాల పెట్టెల్లో పెట్టే ఫొటో కార్డులు ముప్పై ఒకటి తెచ్చి ఆ పెట్టెలో దాచావు. సినిమా నలుపు తెలుపే అయినా కార్డులకు ఎవరో చేత్తో రంగులు వేశారని మురిసిపోయేవాడివి. చిరిగిపోకుండా ఒక్కోదాన్నీ సాంచ మీంచి దిగిన, రంగు వేయని మన గ్రే గుడ్డ మీద గంజితో అతికించావు, నేతగాడికి తప్ప ఆ ఉపాయం ఎవరికి తోస్తుంది? నన్ను వరంగల్‌లో ఎమ్మెస్సీ చదివించిన రోజుల్లో కూడా ఆ పెట్టెను అమ్ముకోలేదు. నేనేమో కాలేజీ వాళ్లు ఇంటికి వస్తే దాని మీద దుప్పటి కప్పేదాన్ని. "అందులో ఏముంది?" అని ఒకావిడ అడిగితే పాత బట్టలన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు. వినపడలేదులే అనుకున్నాను. నువ్వు పెదవులు చూసి మాటలు పట్టుకుంటావని అప్పుడు గుర్తు రాలేదు.

నీ ఉత్తరం చివరి పేజీలో ఇలా రాశావు: "కనకయ్య ఎదురొస్తే మొఖం తిప్పుకున్న. బాలవ్వను నడిబజార్ల నిలదీసిన. నా కార్డులు బ్లీచింగు నీళ్లల్ల ఎందుకు ముంచినవే అంటే తల వంచుకొని నిలబడ్డది, ఒక్క మాట అనలే. అంటే ఒప్పుకున్నట్టే గద బిడ్డా."

ఇది వచ్చి తొమ్మిది రోజులైంది. సాంచాల మోతలో ముప్పై ఏళ్లు నువ్వూ కనకయ్య కాకా పక్కపక్కన నిలబడి పెదవులతో, వేళ్లతో మాట్లాడుకున్నారు. దారం తెగితే ఒక సైగ, సేఠ్ వస్తుంటే ఇంకొకటి. నీ చెవులు పోయాక విసుక్కోకుండా నీతో గంటలు గంటలు మాట్లాడింది ఆయనొక్కడే. మే నెలలో ఆయనా, భార్య బాలవ్వ చిన్నమ్మా సూరత్ నుంచి సిరిసిల్లకు వచ్చారంటే, పోనీ బాపుకు తోడు దొరికిందనుకున్నాను. ఆ తోడును నేనే తెంపేశాను.

బాపూ, కార్డులు ముంచింది బాలవ్వ కాదు. నేను.

నువ్వు ఊరెళ్లకముందు అంబదాస్ మామ నీ దగ్గర చూడటానికి తీసుకున్న ముప్పై ఒక్క కార్డులూ ఏప్రిల్‌లో తిరిగి ఇచ్చిపోయాడు. రెండో రోజే ఆయన్ని ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆయన ముట్టుకున్నవి ఇంట్లో ఉన్నాయని భయపడ్డాను. బకెట్‌లో బ్లీచింగు పౌడర్ కలిపాను. క్లోరిన్ రంగును తినేస్తుందని ఏటా పాఠం చెప్పేదాన్ని నేను. మొదటి కార్డు రంగు నా కళ్ల ముందే పోయింది. అప్పుడైనా ఆగవచ్చు. వారం రోజులు ఎండలో పెడితే సరిపోతుందని కూడా తెలుసు. అయినా రెండోది ముంచాను, మూడోది ముంచాను. భయమే అని ఇన్ని నెలలూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ పెట్టె అంటే నాకున్న నామోషీ కూడా నా చేతుల్లో కొంత ఉందేమో. లేదని ఒట్టు వేయలేను.

ఇరవై నాలుగు మునిగాక బాలవ్వ చిన్నమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పైకి వచ్చింది. "ఏంది బిడ్డా, మెట్లల్ల గంజి వాసనొస్తున్నది? ఇంట్ల సాంచ గిట్ల పెట్టినవా?" అంటూనే బకెట్ చూసింది. "అయ్యో, మీ బాపు పానం గదనే ఇవి!" అని నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. మిగిలిన ఏడూ అలా దక్కినవే. గుడ్డ నుంచి ఊడిపోయిన కాగితాలను ఒక్కొక్కటిగా అద్ది, పొద్దుగూకే దాకా ఆరబెట్టింది. నేను ఏడుస్తుంటే, "ఊకో. మీ బాపు అడిగితే నా మీదికి తొయ్యి. సదువురాని దాన్ని, తెల్వదంటే అయిపాయె. నీకైతే ఎమ్మెస్సీ అడ్డమొస్తది" అంది. నన్ను నవ్వించడానికి అన్నది. నేను నిజంగానే తోసేశాను. జూన్‌లో నీకు రాసిన ఉత్తరం అదే. ఆమె నీ ముందు నోరు విప్పలేదంటే నన్ను కాపాడిందని అర్థం.

నన్ను క్షమించమని నిన్ను అడగను. ఒక్క పని చెయ్యి. ఈ ఉత్తరం తీసుకుని కనకయ్య కాకా ఇంటికి వెళ్లు. చిన్నమ్మకు చదవడం రాదు కాబట్టి నువ్వే చదివి వినిపించు. నీ గొంతు పెద్దది, బజారంతా వింటుంది. బాలవ్వను నిలదీసింది కూడా బజారులోనే కదా, విననీ. నా బిడ్డ పేరు పోతుందని మధ్యలో ఏ వాక్యమూ మింగెయ్యకు. మింగితే చిన్నమ్మ నీకు సాయం పడుతుంది, ఇద్దరూ కలిసి నన్ను మళ్ళీ మంచిదాన్ని చేస్తారు.

ఇట్లు,
చదివించిన చదువుకు తలవంపులు తెచ్చిన
నీ బిడ్డ
నీరజ