నిప్పు కొస లోపలికి

12 మార్చి 1968, మంగళవారం

మళ్లీ మంగళవారం. మళ్లీ ముసలమ్మలు, మళ్లీ నోళ్లు. నేను, నర్సుని, టార్చి పట్టుకుంటాను. డాక్టర్ నరసింగరావుగారు చూస్తారు. పళ్ల డాక్టరు కూర్మనాథంగారు పక్కన నిలబడి తల ఊపుతారు. ఇదీ మా టీమ్. ఇలాంటి టీమ్ ఇంకెక్కడా లేదని నరసింగరావుగారికి గర్వం. ఇలాంటి రోగం ఇంకెక్కడా లేదు గనక అని నేననుకుంటాను, పైకి అనను.

అంగిలికి కాన్సరు. ఆయన దగ్గరున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో దీని గురించి రెండే లైన్లు రాశారు. మా జిల్లాకి మాత్రం దీనికోసం ఒక వార్డు కావలసివచ్చింది. కారణం చుట్ట. మగవాళ్లు మామూలుగా కాలుస్తారు. మా ఆడవాళ్లు వెలిగించిన కొసని లోపల పెట్టుకుని పెదాలు మూస్తారు. అడ్డపొగ. నిప్పంతా నోట్లోనే. బయటికి ఏమీ కనబడదు.

ఈ రోజు కొత్తగా వచ్చిన మనిషి ముసలమ్మ కాదు. పేరు చిన్నతల్లి. నలభై కూడా ఉండవు. నౌపడ ఉప్పుమడుల్లో పని. మొగుడు గంగులు వెంటబెట్టుకుని వచ్చాడు, అతనిదీ అదే పని. ఇద్దరి కాళ్లూ ఉప్పుకి తెల్లగా పగిలి ఉన్నాయి. నోరు తెరవమంటే ఆవిడకి సిగ్గట. ఎంతో బతిమాలాక తెరిచింది. నొప్పేటీ లేదమ్మా, పులుసు తగిల్తే సురుక్కుమంటాది, అంతే, అంది. టార్చి వేసి చూశాను. కుడివైపు పుండు. అంచులు గట్టిగా లేచి ఉన్నాయి. నరసింగరావుగారు నా వంక చూడలేదు. ఆయన చూడకపోతేనే నాకు అర్థమవుతుంది.

14 మార్చి

చిన్నతల్లిని నిన్న చేర్చుకున్నాం. చిన్న ముక్క తీసి పరీక్షకి విశాఖ పంపారు.

ఈ మనిషి నోరు మూయదు. మూస్తే చుట్టకోసమే మూస్తుంది కాబోలు. వచ్చిన రెండో రోజుకే వార్డులో అందరికీ వరస కట్టేసింది. ఒకరు అప్ప, ఒకరు వదిన. మధ్యాహ్నం నేను మందుల అలమర దగ్గరుండగా వెనక నవ్వులు వినిపించాయి. చిన్నతల్లి మంచం మీద నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుని నాలాగా అరుస్తోంది. ఒసే, నోరు తెరు. ఇంకా తెరు. ఏటి, పెళ్లికూతురివా. అచ్చం నా గొంతే. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఇంటికొచ్చి తలుచుకుంటే నవ్వొచ్చింది. నాన్నకి చెప్తే ఆయనా నవ్వాడు. నాన్న ఇక్కడ అరసవల్లి గుళ్లో సన్నాయి వాయిస్తాడు. నా గొంతు ఎవరైనా అనుకరించగలరని తను అనుకోలేదట.

తిప్పి కాల్చడం ఎందుకని చిన్నతల్లిని అడిగాను. ఉప్పుమడి మీద సముద్రపు గాలి, బైట ఎడితే ఆరిపోద్ది, అంది. చేతులు తడి, రెండు చేతులా చెక్క పట్టుకుని ఉప్పు లాగాలి, సుట్ట ఎవలు పట్టుకుంటారు, అంది. అంతేనా అంటే, అంతే కాదు గానీ నీకెందుకులే అంది.

25 మార్చి

విశాఖ నుంచి రిపోర్టు వచ్చింది. అదే.

26 మార్చి

నరసింగరావుగారు గంగులుని గదిలోకి పిలిచి చెప్పారు. సగం అంగిలి తీసెయ్యాలి, పై పళ్లు కొన్ని పోతాయి, తియ్యకపోతే మనిషే పోతుంది. గంగులు చాలాసేపు తన తువ్వాలు మడత పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. మాట ఉంటాదా బాబూ.

ఉంటుందని కూర్మనాథంగారు చెప్పారు. గొయ్యి పూర్తిగా మానాక కొలత తీసి గులాబీరంగు ప్లేటు చేస్తానని, అది పెట్టుకుంటే తినొచ్చు, మాట్లాడొచ్చు అని. ఆయన ఇలాంటివి చాలా చేశారు. నిజానికి టీమ్‌లో రోగులు దండం పెట్టేది నరసింగరావుగారికి, ప్రాణం పెట్టేది కూర్మనాథంగారి మీద.

బయట వరండాలో చిన్నతల్లి నన్ను పట్టుకుంది. సగం నోరు కోసేత్తే సగం మాటలే మాటాడాలా సిస్టరమ్మా, అంది. వేళాకోళమే. కానీ నా చెయ్యి వదలలేదు.

3 ఏప్రిల్

ఆపరేషన్ అయింది. బాగానే జరిగిందన్నారు. పుండు చుట్టూ శుభ్రంగా వచ్చిందట. నా కాళ్లు పీకుతున్నాయి.

11 ఏప్రిల్

లోపల కుక్కిన గుడ్డ ఈ రోజు తీశారు. నోట్లోంచి చూస్తే ముక్కు లోపలంతా కనబడుతుంది.

గంజి పట్టాను. ముక్కులోంచి వచ్చేసింది. తుడిచి మళ్లీ పట్టాను. మళ్లీ వచ్చేసింది. ఏదో అంది. మాట కాదు, ముక్కులోంచి గాలి. మళ్లీ అంది. వార్డులో ఎవరికీ అర్థం కాలేదు. పక్కమంచం అప్ప అటు తిరిగి పడుకుంది. గంగులు బయటికి వెళ్లిపోయాడు, చాలాసేపు రాలేదు.

చిన్నతల్లి ఏడవలేదు. రెండు వేళ్లు పెదాల దగ్గర పెట్టి చూపించింది. చుట్ట కావాలట. ఆ నోటితో. నేను అరిచాను. గట్టిగానే అరిచాను.

ఇంటికొచ్చేసరికి నాన్న సన్నాయి పీక మార్చుకుంటున్నాడు. పీక లేకుండా ఊదితే ఉత్త గాలి వస్తుంది. అక్కడినుంచి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

26 ఏప్రిల్

ప్లేటు వచ్చింది.

కూర్మనాథంగారు తనే రెండు రోజులు కూర్చుని రుద్దారు. పెట్టారు, తీశారు, అంచు రుద్దారు, మళ్లీ పెట్టారు. ఇప్పుడు మాట్లాడమన్నారు. చిన్నతల్లి మాట్లాడదు. నోరు మూసుకుని కూర్చుంది, భయం. నాకు ఓపిక చచ్చి, ఒసే నోరు తెరు, అన్నాను. వెంటనే, ఏటి, పెళ్లికూతురివా, అంది.

తన గొంతే. పూర్తిగా తన గొంతు. చెప్పిన తర్వాత తనే ఉలిక్కిపడింది. వార్డంతా లేచి వచ్చింది. నరసింగరావుగారు అందరికీ కాఫీ తెప్పించారు. చిన్నతల్లి గ్లాసెడు తాగింది, ముక్కులోంచి చుక్క రాలేదు. సాయంత్రం దాకా ఒకటే వాగుడు. నా మాట నాకొచ్చేసినాది అమ్మా అని దారిన పోయేవాళ్లకి కూడా చెప్పింది. గంగులు గుమ్మం దగ్గర కూర్చుని వింటున్నాడు, ఏదో హరికథ వింటున్నట్టు.

ఈ ఉద్యోగం మానేద్దామని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఈ రోజు అనిపించలేదు.

27 ఏప్రిల్

ప్లేటు కాలింది.

28 ఏప్రిల్

నిన్న కోపంతో అంతకంటే రాయలేకపోయాను.

వంటగది వెనక కాల్చింది. చుట్ట ఇచ్చింది మా వార్డు ఆయా జగ్గమ్మ. పాపం అడిగింది, ఇచ్చినాను, అంటుంది. జగ్గమ్మకీ అదే అలవాటు. నోరు తెరవమంటే ఇన్నేళ్లుగా మాకు తెరవలేదు.

మాకెవరికీ తట్టని సంగతి ఒకటుంది. అంగిలికి రంధ్రం ఉన్నన్నాళ్లూ చిన్నతల్లి చుట్ట కాల్చాలన్నా కాల్చలేకపోయింది. పీలిస్తే గాలి ముక్కులోంచి వచ్చేస్తుంది, నిప్పు రాజుకోదు. ప్లేటు ఆ రంధ్రాన్ని మూసింది. గాలి చొరకుండా మూసింది. అంత బాగా చేశారు కూర్మనాథంగారు. మాట వచ్చింది, తిండి వచ్చింది, దాంతోపాటు పొగా వచ్చింది. ఇన్ని ప్లేట్లు చేశాం, ముసలమ్మలు కాల్చలేదా, కాల్చి దాచారా, దేవుడికి తెలియాలి.

ప్లేటు మధ్యలో నల్లగా కమిలి పొంగింది. కూర్మనాథంగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. తర్వాత చిన్నతల్లి మంచం దగ్గరికి వెళ్లారు. ఇంకొకటి చేస్తాను, అది కాలిందని తెలిసిందా, తీసేసుకుంటాను, మళ్లీ చెయ్యను, అన్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. సరిగ్గా బుద్ధి చెప్పారనుకున్నాను. వినబడిందా, తీసేసుకుంటారు, అని నేను కూడా అన్నాను. చిన్నతల్లి తల ఊపింది. రెండు చేతులూ నోటిమీద పెట్టుకుంది.

సాయంత్రం పక్కన కూర్చున్నాను. ఎందుకే, అన్నాను. చెప్పింది. తొలికాన్పు పిల్ల జ్వరం వచ్చి పోయిన రోజు, అత్త చుట్ట వెలిగించి, తిప్పి, తన నోట్లో పెట్టిందట. నిప్పు నోట్లో ఉంటే నాలిక కదపకూడదు సిస్టరమ్మా, కదిపితే కాలిపోద్ది, నాలిక కదపకపోతే ఏడుపు రాదు, అంది. ఆ పూటే మళ్లీ ఉప్పుమడికి పోయిందట.

దుప్పటి సరిచేసి వచ్చేశాను.

10 మే

రెండో ప్లేటుతో పంపించాం. రోజూ రాత్రి తీసి కడగాలి. నెలనెలా మొదటి మంగళవారం రావాలి, ప్లేటు తీసి లోపల చూడాలి. చుట్ట ముట్టకూడదు. అన్నింటికీ అలాగేనమ్మా అంది. వెళ్తూ వెళ్తూ జట్కా మీంచి నా గొంతుతో జగ్గమ్మని తిట్టింది.

4 జూన్, మంగళవారం

చిన్నతల్లి వచ్చింది. లోపల శుభ్రంగా ఉంది. నాకు ఎండు చేపలు తెచ్చింది. మేం చేపలు తినమని తెలిసి, అయితే వాసన చూడు, అంది.

2 జూలై

రాలేదు. వానలు. రైలు దొరకలేదేమో.

6 ఆగస్టు

గంగులు ఒక్కడే వచ్చాడు. బాగున్నాది, తింటన్నాది, మాటలకేటి తక్కువ లేదు అమ్మగారూ, అన్నాడు. మరి మనిషేదీ అన్నాను. పని ఒదల్దు, అన్నాడు. వచ్చే నెల తీసుకురాకపోతే నేనే వచ్చి లాక్కొస్తానని చెప్పాను. ఉత్తుత్తినే అన్నాను.

3 సెప్టెంబరు

రాలేదు.

19 సెప్టెంబరు

ఆమదాలవలసలో ప్యాసింజర్ ఎక్కి నౌపడలో దిగాను. సెలవు పెట్టి, సొంత పని అని చెప్పి. దిగగానే వాన. మడులన్నీ నీళ్లు, పనే లేదు. పని ఒదల్దు అన్నాడు గంగులు.

చిన్నతల్లి గుమ్మంలోనే ఉంది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు అడ్డం ఉన్నా కనబడుతోంది. కుడి చెంప వాచింది, కన్ను కింద నున్నగా ఉబ్బింది. దగ్గరికి వెళ్లగానే వాసన. ఆ వాసన నాకు తెలుసు.

నోరు తెరు అన్నాను. తెరవలేదు. ప్లేటు తీ అన్నాను. తల అడ్డంగా ఊపింది. నేను అరిచాను, బతిమాలాను, మళ్లీ అరిచాను. చివరికి చెప్పింది. జూన్‌లో మా దగ్గర్నుంచి వచ్చాక ఒక్కసారి కాల్చిందట. ఒక్కసారే. పిల్ల పోయిన రోజు అది. ప్లేటు మీద ఆవగింజంత నల్లమచ్చ పడింది. గోటితో గీకింది, పోలేదు. ఇసుకతో తోమింది, పోలేదు. సూత్తే మీరు తీసేత్తారు కదా, అంది. నా మాట తీసేత్తారు కదా సిస్టరమ్మా.

అందుకని రాలేదు. అందుకని మొగుడి ఎదుట కూడా ప్లేటు తియ్యలేదు, రాత్రి కూడా తియ్యలేదు. ఆ తర్వాత చుట్ట ముట్టలేదని గంగులు తన మీద ఒట్టు వేసి చెప్పాడు. నేను నమ్మాను.

ఆవగింజంత మచ్చ. మేం అన్న మాట ఎంత బాగా విన్నదో.

20 సెప్టెంబరు

తీసుకొచ్చాను. ప్లేటు అంచుని కప్పేస్తూ కండ పెరిగిపోయింది. మత్తు ఇచ్చి తియ్యాల్సివచ్చింది. కూర్మనాథంగారు మచ్చకోసం వెతికారు. టార్చి వేస్తేగాని కనబడలేదు.

నరసింగరావుగారు నా వంక చూడలేదు.

1 అక్టోబరు

ఇంక కత్తి పెట్టడానికి లేదు. విశాఖ తీసుకెళ్లి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించినా లాభం లేదన్నారు. కంటి వెనక్కి పాకింది. టీమ్ మీటింగులో కూర్మనాథంగారు మాత్రం, మూడో ప్లేటు చేస్తాను, అన్నారు. ఇప్పుడెందుకండీ అన్నారు నరసింగరావుగారు. కూర్మనాథంగారు కొలత తీసుకోవడానికి వెళ్లిపోయారు.

8 అక్టోబరు

కండ పెరిగిన కొద్దీ ఆయన ప్లేటు అరగదీస్తున్నారు. రోజూ వస్తారు. రోజూ కొంచెం. చిన్నతల్లి రోజూ కొంచెం మాట్లాడుతుంది. సగం అర్థం కాదు. అర్థమైనట్టు తల ఊపుతున్నాను. ఈ రోజు కూర్మనాథంగారితో, ఇది తియ్యకండి బాబూ అంది. తియ్యను అన్నారు. ఎప్పుడూ తియ్యను అన్నారు.

22 అక్టోబరు

జగ్గమ్మ తనంతట తనే వచ్చి కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. అంగిలంతా తెల్లమచ్చలు. ఇంకా పుండు పడలేదు. చుట్ట మానెయ్యమన్నారు. సూద్దాం బాబూ, అంది.

11 నవంబరు

చిన్నతల్లి పోయింది. పొద్దున్న గంజి తెచ్చేసరికి లేదు. నోరు మూసే ఉంది.

19 నవంబరు, మంగళవారం

ఓపీ మధ్యలో గంగులు వచ్చాడు. పదకొండో రోజు కూడా కాలేదు, గుండు మీద తువ్వాలు కప్పుకున్నాడు. గుడ్డలో చుట్టి ప్లేటు తెచ్చాడు. చితి మీద పెట్టే ముందు నోట్లోంచి తీసి కడిగానన్నాడు. గవుర్మెంటు వొస్తువు కదా అమ్మగారూ, ఎవలికన్నా పనికొస్తాదని, అన్నాడు.

ఒకరి ప్లేటు ఇంకొకరికి పట్టదని చెప్పబోయాను. కూర్మనాథంగారు చెయ్యి చాపి తీసుకుని, పనికొస్తుంది, అన్నారు. కోటు జేబులో పెట్టుకున్నారు. తర్వాత నన్ను పిలిచి, ఇక మీదట ఎవరి ప్లేటు కాలినా కోప్పడవద్దు, కాలినదల్లా మార్చి ఇద్దాం, అన్నారు. అలాగే సార్ అన్నాను. క్యూలో తర్వాతి ముసలమ్మని పిలిచాను. నోరు తెరు అమ్మా, అన్నాను. మెల్లగా అన్నాను.

30 నవంబరు

వంటగది వెనక జగ్గమ్మని చుట్ట అడిగాను. తనే వెలిగించి, తిప్పి, నాలిక కదపకమ్మా అని నా నోట్లో పెట్టింది.

చిన్నతల్లి అబద్ధం చెప్పింది. నిప్పు నోట్లో ఉన్నా ఏడుపు వస్తుంది.