ఫిర్మిన్ ఇంటి ముందు బెంచీ

ఘెంట్,
సెప్టెంబరు చివరి ఆదివారం.

ప్రియమైన వానెస్‌కు,

నీ లీస్‌బెత్ ముద్దులతో రాయునది. ఇక్కడ నేనూ, మన పాప నోర్ కూడా కులాసాగా ఉన్నాం. నోర్‌కి ముందు పన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుని నా ప్రాణం తీస్తోంది. మీ అమ్మ మోకాలు కూడా నయం. మొన్న వచ్చి మన కిటికీ అద్దాలకు దుమ్ము పట్టిందని చెప్పి మరీ వెళ్ళింది కాబట్టి ఆరోగ్యం దివ్యంగా ఉన్నట్టే. ఆ వేడి సముద్రం మీద ఇసుక తవ్వే ఓడలో నువ్వు కూడా వేళకు తింటూ, ఎండ తగలకుండా టోపీ పెట్టుకుంటూ సుఖంగా ఉన్నావని తలుస్తాను.

ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నా నువ్వు కాగితం మీద రాయమని అడుగుతావు. ఈసారి నాకూ కాగితమే కావాలనిపించింది. నువ్వు భోజనాల గదిలో నిలబడి, వెనక నీ తోటివాళ్ళు అరుస్తుంటే చెవిలో వేలు పెట్టుకుని వినే సంగతి కాదు ఇది.

ముందు నీ ప్రశ్నలు. కారు భద్రంగానే ఉంది. వేసవంతా డాంపోర్ట్ స్టేషను అవతల నిలిపాను, మొన్ననే తెచ్చాను. పావురాలు దాన్ని తెల్లకారు చేశాయి, కడిగించాను. స్నానాల గదిలో చెమ్మ అలాగే ఉంది, నువ్వొచ్చాక చూడు. ఇక మూడోది, "రాత్రుళ్ళు నిద్ర పడుతోందా, గొంతు వింటే అలసటగా ఉన్నావు" అని రాశావే, దానికి జవాబు కాస్త ఆగి చెప్తాను.

మన వీధి సంగతి అడిగావు. గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. జూను నెలాఖరుకి నగర సంఘం వాళ్ళు రెండు కొసల్లో చెక్క కంచెలు పెట్టి కార్లు రాకుండా ఆపేశారు. రాళ్ళ మీద పచ్చగడ్డి చాపల్లా పరిచారు. ఈ ఆలోచన మన వీధి ఫీన్ టీచరుదే, వాళ్ళ బడిలో పారేయబోతున్న పొడుగు బల్లలు తెప్పించింది. కుర్చీలు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. మొదటి వారం ఎవరి గుమ్మం ముందు వాళ్ళం కూర్చుని, ఎదుటివాళ్ళ పళ్ళెంలోకి దొంగచూపులు చూసుకున్నాం. తర్వాత ఎవరో ఉప్పు అడిగారు. అంతే, బల్లలు దగ్గరికి జరిగాయి.

ఒమేర్ తెలుసుగా, లారీ నడిపి రిటైరైన మన ఎదురింటాయన. కారు నిలిపే చోటు పోయిందని ఫీన్ మీద నగర సంఘానికి ఫిర్యాదు కూడా పెట్టాడు. కానీ రోజూ అందరికంటే ముందు కుర్చీ వేసుకునేది ఆయనే. "నేను కూర్చోవడానికి రాలేదు, మీరేం పాడుచేస్తున్నారో చూడటానికి వచ్చాను" అంటాడు. బీరు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకుంటాడు.

ఫీన్‌కి ఇదంతా ఎందుకు తట్టిందో నీకు సరిగ్గా చెప్పలేదు. ఫిబ్రవరిలో పక్కింటి ఫిర్మిన్ పోయాడని మాత్రం ఫోనులో అన్నాను. ఎలా దొరికాడో అప్పుడు చెప్పలేకపోయాను. పోస్ట్‌మాన్ తలుపు సందులో ఇంకో కాగితం కూడా పట్టదని పోలీసుల్ని పిలిచాడు. వాళ్ళు తలుపు పగలగొట్టారు. చాలా రోజులైందన్నారు. మెట్ల కింద, మన గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడట. మన గోడ, వానెస్. అటువైపు అతను, ఇటువైపు మన సోఫా. ఆ రోజుల్లో నేను ఆ సోఫా మీద నోర్‌కి కథలు చదువుతున్నాను. చప్పుడేదీ వినలేదు. వినుంటే బాగుండేదని కాదు, వినలేదన్నదే నన్ను తినేస్తోంది.

శవాన్ని తీసుకెళ్ళిన రోజు ఫీన్ వీధి మధ్యలో నిలబడి అంది: "అతని మొహం ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పండి." బూడిదరంగు వానకోటు తెలుసు, వంగిన వీపు తెలుసు. పొద్దుగూకాక బయటికి వెళ్ళి తెల్లారేసరికి వచ్చే మనిషి మొహం మనమెప్పుడు చూశాం?

అందుకే అతని ఇంటి ముందు ఒక బెంచీ వేయించింది. నీలిరంగు వేసిన మామూలు చెక్క బెంచీ. వీధంతటికీ మంచి చోటు అదే, సాయంత్రపు ఎండ చివరిదాకా అక్కడే నిలుస్తుంది. అయినా దాని మీద ఎవరూ కూర్చోలేదు. పిల్లలు దాని చుట్టూ పరుగెత్తేవాళ్ళు, పైకి ఎక్కేవాళ్ళు కాదు. ఆగస్టులో ఒమేర్ తేల్చేశాడు.

"దాన్ని నా గుమ్మం ముందుకి జరపండి. అక్కడ కూర్చునేవాళ్ళు లేరు."

"నీ గుమ్మం ముందుంటే నీ మొహం చూస్తూ ఎవరు కూర్చుంటారు?" అంది ఫీన్.

"మా ఆవిడ నలభై ఏళ్ళు కూర్చుంది!"

"అందుకే పాపం ముందే వెళ్ళిపోయింది."

ఒమేర్ పగలబడి నవ్వాడు. ఆవిడ పేరెత్తి ఎవరైనా హాస్యమాడితే ఆయనకి ప్రాణం లేచొస్తుందని నాకూ ఈ వేసవిలోనే తెలిసింది. మరుసటి ఆదివారం భోజనాలయ్యాక బెంచీ జరపాలని నిర్ణయమైంది.

ఆ ఆదివారమే ఆ అమ్మాయి వచ్చింది.

వీధి కొస దగ్గర చిన్న వ్యాను హారను మోగింది. ఒమేర్ లేచి వెళ్ళాడు. "ఇది ఇప్పుడు వీధి కాదమ్మా, తోట. నన్నడిగితే పిచ్చాసుపత్రి. ఎవరింటికి?" ఆ అమ్మాయి ఫిర్మిన్ ఇంటి నంబరు చెప్పింది. ఒమేర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆమెకి దారి చూపించాడు.

పేరు యోలీన్, ఫిర్మిన్ కూతురు. ఓస్టెండెలో క్షౌరశాలలో పనిచేస్తుందట. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. ఆమె కడుపులో ఉండగానే తల్లి ఫిర్మిన్‌ని విడిచి వెళ్ళిపోయింది. తల్లి బతికున్నన్నాళ్ళూ అతని ఊసు ఎత్తనివ్వలేదు. ఏ అరుదైన రోజునో, రెండు గ్లాసుల వైను పడ్డాక మాత్రం నాలుగు మాటలు జారేవట. ఇప్పుడు ఇల్లు నీదేనంటూ లాయరు పిలిచాడు. తాళం తీసి, సామాను వ్యానులో వేసుకుని, అమ్మకానికి బోర్డు పెట్టి వెళ్ళిపోదామని వచ్చింది. మామూలు రోజైతే వ్యాను గుమ్మం దాకా వచ్చేది. ఎవర్నీ చూడకుండానే వెళ్ళిపోయేది. ఇప్పుడు బల్లల మధ్య నుంచి నడవాల్సి వచ్చింది. ఫీన్ ఒక కుర్చీ లాగింది, ఎవరో బంగాళాదుంపలు వడ్డించారు. కాదనలేక కూర్చుంది.

చాలాసేపు తల దించుకుని తింది. తర్వాత ఫోర్కు పక్కన పెట్టి అడిగింది.

"మీరంతా ఇన్నేళ్ళూ ఆయన పక్కనే ఉన్నారు కదా. ఎలాంటి మనిషి? మంచిగా ఏమీ చెప్పక్కర్లేదు. ఏదో ఒకటి చెప్పండి చాలు."

వానెస్, పన్నెండు ఇళ్ళవాళ్ళం ఉన్నాం ఆ బల్ల దగ్గర. గడ్డి మీద ఈగల చప్పుడు వినబడింది. ఫీన్ కళ్ళలో నీళ్ళు. ఒమేర్ బీరు సీసా మీద కాగితాన్ని గోటితో గీకుతున్నాడు. ఆ అమ్మాయి మొహం మెల్లగా ఎర్రబడింది. అడగకూడనిది అడిగానేమో అన్నట్టు, సంచీలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. "ఈయనే. పాతది."

నేను ఫోటో చూశాను. చూసి మాట్లాడాను.

"ఆయన నారింజ తొక్క ఒక్క ముక్కగా ఒలుస్తారు" అన్నాను. "మధ్యలో తెగనివ్వరు. ఒలిచాక దాన్ని పక్కన వేలాడదీసి, అది ఊగుతుంటే చూస్తారు. అప్పుడు తింటారు. ఎడమ బూటు తాడు ఎప్పుడూ ముడివేయరు. పిల్లి ఏదైనా దగ్గరికొస్తే దాన్ని తోలరు, తనే పక్కకి జరిగి చోటిస్తారు. పిల్లలు అరిస్తే తల తిప్పి నవ్వుతారు."

యోలీన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. "నారింజ," అంది, "అమ్మ చెప్పేది. మొదటిసారి కలిసినప్పుడు తొక్కతో పాము చేసి అమ్మ మెడలో వేశాడట." ఏడుస్తూ నవ్వుతూ ఫీన్ భుజం మీద వాలిపోయింది. అందరూ నన్ను ఎంత ప్రేమగా చూశారో! ఒమేర్ ఒక్కడే కళ్ళు చికిలించి, తర్వాత గుమ్మం దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఇవన్నీ నువ్వెప్పుడు చూశావు, లీస్‌బెత్?"

"ఎప్పుడో" అన్నాను.

నువ్వూ అదే అడుగుతావు. ఏడేళ్ళు పక్కపక్కన ఉండి అతని మొహం ఎరగనిదానివి, ఇవన్నీ నీకెలా తెలుసని. ఇదుగో, నీ మూడో ప్రశ్నకు జవాబు. కాగితం కాబట్టి చెప్పగలుగుతున్నాను.

జూలైలో, నోర్‌ని పడుకోబెట్టి కిటికీ తెర వేయబోతుంటే, ఆ బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నీకు తెలుసుగా, జూలైలో మన దగ్గర తొమ్మిదింటికి కూడా పట్టపగల్లా ఉంటుంది. చీకట్లో నీడను చూసి భ్రమపడలేదు. పక్క వీధి మనిషి అనుకున్నాను. నారింజ ఒలుస్తున్నాడు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ. ఎవరో ఒకరు కూర్చుంటున్నారులే అని సంతోషం వేసింది కూడా. బల్ల దగ్గర ఇంకా మనవాళ్ళు పది మంది ఉండేవాళ్ళు, ఎవరూ అతన్ని పలకరించేవాళ్ళు కాదు. మనుషులింతే కదా అనుకున్నాను. బెంచీ జరుపుదామన్న రోజు ఫీన్‌తో అన్నాను, "అదేంటి, రోజూ ఒకాయన కూర్చుంటున్నాడుగా" అని. ఫీన్ నన్ను వింతగా చూసింది. "నేను రోజూ అక్కడే ఉంటాను, లీస్‌బెత్. ఆ బెంచీ మీద ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు."

అప్పటి నుంచి నిద్ర లేదు. అయినా సాయంత్రం కాగానే కిటికీ దగ్గరికి వెళ్ళకుండా ఉండలేకపోయాను. అతను నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. బెదిరించలేదు. ఊరికే కూర్చుని, బల్ల దగ్గర మాటలు వింటున్నట్టుండేవాడు, పిలిస్తే రావడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఎవరో తెలియని మనిషని సరిపెట్టుకున్నాను. ఆ అమ్మాయి ఫోటో పెట్టేదాకా.

నేను ఆమెకి అబద్ధం చెప్పలేదు, వానెస్. కానీ అతను బతికుండగా చూసిందేదీ చెప్పలేదు. అతను పోయిన తర్వాత చూసింది చెప్పాను. ఒక మనిషి గోడ అవతల ఏడేళ్ళు బతికితే తెలుసుకోలేనిది, చచ్చాక తెర చాటు నుంచి తెలుసుకున్నాను. ఆమెకి ఈ సంగతి ఎప్పటికీ చెప్పను. నీకు చెప్పకుండా మాత్రం ఉండలేను. పిచ్చి అనుకుంటే అనుకో, నాకు కోపం రాదు.

ఆ సాయంత్రం యోలీన్ వెళ్ళి ఆ బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. నేను తెర పక్కకి తీశాను. అతను లేడు. ఆమె మాత్రం బెంచీ మధ్యలో కాక ఒక కొసన కూర్చుంది, ఎవరికో చోటు వదిలినట్టు. చాలాసేపటికి ఒమేర్ తన కుర్చీలోంచి లేచి, రెండు గ్లాసులు పట్టుకుని వెళ్ళి ఆమెకి కొంచెం దూరంగా కూర్చున్నాడు. బెంచీ జరిపే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఫిర్మిన్ తర్వాత ఎన్నడూ కనిపించలేదు. ఇల్లు అమ్మకానికి పెట్టలేదు. యోలీన్ అప్పుడప్పుడు వచ్చి కిటికీలు తెరిచి పోతోంది. గోడ అవతల అడుగుల చప్పుడు వినబడితే ఇప్పటికీ నా గుండె ఆగుతుంది. తర్వాత నోర్ ఈల వేస్తుంది, అటు నుంచి ఆ అమ్మాయి కూడా ఈల వేస్తుంది.

పోయిన వారం కంచెలు తీసేశారు. గడ్డి చుట్టలు లారీలో వెళ్ళిపోయాయి, కింద రాళ్ళు పాలిపోయి ఉన్నాయి. కార్లు వచ్చేశాయి. బెంచీ కూడా తీస్తామన్నారు, అది కారు నిలిపే చోటులో ఉందని. ఒమేర్ తన ఇంటి ముందు కారు చోటు వదులుకుంటానని రాసిచ్చి, దాని బదులు ఈ బెంచీ ఉంచమన్నాడు. ఫీన్ ముద్దు పెట్టబోతే "దూరం, దూరం, నా కారు అమ్మేశాను, అంతే" అన్నాడు.

నిన్న సాయంత్రం చినుకులు పడుతున్నాయి. తెర వేయడానికి వెళితే బెంచీ మీద ఎవరో కూర్చుని ఉన్నారు. ఒక ముసలావిడ, తలకి రుమాలు, ఒళ్ళో సంచీ. నేనెప్పుడూ చూడని మొహం. తెర పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత నోర్‌ని, నిన్ననే పక్కింటికి వచ్చిన యోలీన్ దగ్గర వదిలి, నీ పెద్ద కోటు వేసుకుని బయటికి వెళ్ళాను. ఆవిడ బతికున్న మనిషో కాదో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా చూడలేదు.

"ఇక్కడ కూర్చోవచ్చా అని అడుగుదామంటే ఎవరూ కనబడలేదు" అంది ఆవిడ.

"ఇప్పుడు నేనున్నాను కదా, కూర్చోండి" అని, పక్కన కూర్చుని పేరు అడిగాను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే నీ భార్య,
లీస్‌బెత్