యాంప్లిఫయర్ వేడెక్కేదాకా

దిల్‌సుఖ్‌నగర్

అక్కకు,

తమ్ముడు నర్సింహ నమస్కరించి రాస్తున్నాను. మోకాళ్లు ఎట్లున్నాయి? దవాఖానలో ఇచ్చిన గోళీలు వేసుకుంటున్నావా, డబ్బాలో దాచిపెడుతున్నావా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెట్టించి పక్కనే కూర్చుంటాడు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నేను బయలుదేరిన రోజు బావ నలుగురి ముందు అన్న మాట నీకూ వినపడింది. "పుస్తకాలు చదివినోడు పట్నంల బతుకుతడా? వానలు పడకముందే వాపస్ వస్తడు చూడుండ్రి." పోయిన వారం ఆ మాట నిజమయ్యేదే. ఈ పని పోతే కిరాయి కట్టలేను. మీ ఇంటికే వచ్చి, బతికినన్నాళ్లూ ఆ మాట వింటూ ఉండాలి.

గది పర్వాలేదు. మెస్సు కూరల్లో బెల్లం వేస్తారు. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కుప్పలుగా ఉంటాయి, అన్నీ పోటీపరీక్షల గైడ్లే. చదివిన పుస్తకం గురించి మాట్లాడే మనిషి దొరకలేదు. రోజూ మెట్రోలో ఎల్.బి. నగర్ పోతాను. అక్కడ గల్లీలో చిన్న వర్క్‌షాప్. సెల్ టవర్లకు పెట్టే ఫిల్టర్లు చేస్తారు. అంటే కావలసిన సిగ్నల్‌ను పోనిచ్చి తక్కినదాన్ని ఆపే అల్యూమినియం డబ్బాలు. వాటిని పరీక్షించే యంత్రం పేరు వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్. అది డబ్బాలోకి ఒక అలను పంపి, ఎంత దాటిపోయింది, ఎంత తిరిగొచ్చింది, ఎంత ఆలస్యమైంది అని చూసి తెరమీద గీత గీస్తుంది. కాలేజీలో అన్నేళ్లు అలల గురించి బోర్డు మీద చెప్పాను గానీ, ఒక్క అలనూ ఇట్లా చూడలేదు. అన్నం వేళ కూడా మరిచిపోతున్నాను.

ఈ ఫిల్టర్లను ఎక్కువ పవర్ దగ్గర పరీక్షించాలని కొనేవాళ్లు అడిగారు. యంత్రానికి అంత బలం లేదు. బయటినుంచి యాంప్లిఫయర్ తెచ్చి మధ్యలో కలపాలి. యంత్రం ముఖాన చిన్న కేబుల్ ముక్కలుంటాయి, ఒకటి ఊడదీసి ఆ జాగాలో దీన్ని పెట్టాను. తిరిగొచ్చే పవర్‌కు యంత్రం కాలిపోకుండా దాన్ని తగ్గించే అటెన్యుయేటర్ కూడా పెట్టాను. అంతా బాగానే ఉంది, గీత మాత్రం నిలబడదు. పొద్దున్నుంచి మెల్లగా కిందికి జారుతుంది.

అక్కడ స్రవంతి అని పోచంపల్లి పిల్ల టెస్టింగ్ చేస్తుంది. యాంప్లిఫయర్ వచ్చిన రోజు దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. నాకు ఒళ్లు మండింది. కేబుల్ బిగించే కనెక్టర్‌లో కుంకుమ రేణువు పడింది, తప్పంతా అదే అని తేల్చేశాను.

"మూతలు పెట్టినంకనే బొట్టు పెట్టిన సార్. నాకు గంత తెల్వదా?"

వినలేదు. కనెక్టర్లన్నీ స్పిరిట్‌తో తుడిచి, మళ్లీ బిగించి, యంత్రాన్ని మొదటినుంచి సరిచూసుకున్నాను. గీత మళ్లీ జారింది. స్రవంతి చేతులు కట్టుకుని నిలబడింది. "ఇగ ఇప్పుడు ఎవల మీద పెడ్తరు సార్?"

ఓనర్ ప్రసాద్‌ది గుంటూరు వైపు. మర్యాద మనిషి. "శనివారంలోపు తేలకపోతే ఆ యాంప్లిఫయర్‌ను వెనక్కి పంపించేద్దామండీ మాస్టారూ. మీరు కూడా కాస్త రెస్ట్ తీసుకోండి" అన్నాడు. ఆ రెస్ట్ ఏమిటో నాకు అర్థమైంది.

అప్పుడు వాదన మానేసి చూడటం మొదలుపెట్టాను. ఫిల్టర్ తీసేసి ఉత్త కేబుల్ పెట్టినా గీత జారింది. అంటే ఫిల్టర్ తప్పు కాదు. "మనం తినొచ్చినంక మంచిగనే ఉంటది సార్, పొద్దుగాలనే పరేషాన్ జేస్తది" అంది స్రవంతి. యాంప్లిఫయర్ వెనక చెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉంది. అది వేడెక్కేకొద్దీ బలం తగ్గుతోంది, పూర్తిగా వేడెక్కాక నిలకడపడుతోంది.

ఆ యంత్రం అలను పంపేముందు అందులో కొంచెం తనదగ్గర ఉంచుకుని, వచ్చిన అలను దానితో పోల్చుతుంది. నేను ఆ నమూనాను యాంప్లిఫయర్ కంటే ముందే తీయనిచ్చాను. తర్వాత యాంప్లిఫయర్‌లో వచ్చిన మార్పంతా పరీక్షించే ఫిల్టర్ ఖాతాలో పడింది. యాంప్లిఫయర్ దాటిన తర్వాత, అలలో కొంచెం పక్కకు తీసే కప్లర్ ఒకటి పెట్టి, అక్కడి నమూనాను బలం తగ్గించి యంత్రానికి ఇచ్చాను. సరిచూసి మొదలుపెడితే, చల్లటి యాంప్లిఫయర్‌తోనే గీత కదలకుండా నిలబడింది. ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో తెలియదు.

"మరి నా బొట్టు సార్?"

"దాని తప్పేం లేదమ్మా."

"జర గట్టిగ అనుండ్రి, ప్రసాద్ సార్‌కు గూడ వినపడాలె."

గట్టిగానే అన్నాను. ప్రసాద్ నవ్వి, "సోమవారం సిగ్నల్ జనరేటర్ వస్తుందండి, అదీ మీరే కలపాలి" అన్నాడు. కాబట్టి నేను రావడం లేదక్కా. ఎవరన్నా వచ్చేవాళ్లుంటే చింతకాయ తొక్కు పంపు. ఇక్కడిది నోట పెట్టలేము.

పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు దీవెనలు. నీ దీవెన నాకు కావాలి. బావకు నమస్కారాలు. ఆయన ఇన్నేళ్లు మోటార్లు చుట్టిన మనిషి. వేడెక్కితే బలం తగ్గుతుందని నాకంటే ముందే పట్టేసేవాడు. ఈ మాట మాత్రం ఆయనకు చదివి వినిపించకు.

నీ తమ్ముడు
నర్సింహ