కింద పెట్టిన కప్పు

కరక్,
ఆదివారం సాయంత్రం.

అమ్మా మైసూన్,

నీకూ అల్లుడు గాలిబ్‌కూ దేవుడి శాంతి, కరుణ కలగాలి. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఈ ఇంట్లో ఇప్పుడు నేనొక్కణ్ణే. నేను క్షేమంగానే ఉన్నాను. అకబాలో మీరిద్దరూ అలాగే ఉన్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. ఫోనుండగా ఈ కాగితాలేమిటని నవ్వాడు. ఫోనులో మనిద్దరం రెండో మాటకే ఆగిపోతున్నామని అతనికేం చెప్తాను. నువ్వు కాగితం మీద అడిగావు. నేనూ కాగితం మీదే చెప్తాను.

మొదట ఆ చివరి రోజు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గురువారం. అమ్మ తెల్లవారుజామున నమాజుకు లేచింది. బాల్కనీలో పుదీనాకు నీళ్ళు పోసింది. ఉడికించిన గుడ్డు, కీరదోస ముక్కలు, పంచదార లేని టీ తీసుకుంది. మధ్యాహ్నం నాకోసం మక్లూబా వండింది. కాలీఫ్లవరు, కోడి, పైన బియ్యం. ఉడికాక గిన్నెను పళ్ళెంలోకి తనే బోర్లించింది. నన్ను చెయ్యి వేయనివ్వలేదు. అన్నం చెక్కు చెదరకుండా నిలబడింది. "చూడండి, నాకంటే నిటారుగా నిలబడింది" అంది. రుచి చూడకుండా వండటం అప్పటికే ఆమెకు అలవాటైపోయింది. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. సరిపోయిందన్నాను. అసలు ఉప్పే వేయలేదు. మళ్ళీ అడిగి వడ్డించుకున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని చేప ముక్క, ఉడికిన పాలకూర తింది.

మధ్యాహ్నం తర్వాతి అసర్ నమాజయ్యాక కాళ్ళు లాగుతున్నాయని పడుకుంది. "మైసూన్ ఫోను చేస్తే లేపండి. పడుకుందని చెప్పి పెట్టేయకండి, అది అలుగుతుంది" అంది. నేను ముందు గదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. పొద్దు వాలాక నువ్వు ఫోను చేశావు. ఫోను చేత్తో పట్టుకునే లేపడానికి వెళ్ళాను. ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు. నువ్వు లైనులో ఉన్నావు.

అంతే. ఆ రోజు గురించి నీకు తెలియనిది ఇంకేమీ లేదు.

ఇక నీ రెండో ప్రశ్న. అమ్మ ఆకలితో పోయిందా?

ఆ మాట పరామర్శకొచ్చిన ఆడవాళ్ళ దగ్గర పుట్టింది. నువ్వూ విన్నావు. పొట్ట కుదించే ఆపరేషన్ కోసమని నోరు కట్టుకుని, రొట్టె ముక్కకు కళ్ళు కాయలు కాసి పోయింది పాపం, అని. ఆ మాట పరదా దాటి మగవాళ్ళ గుడారంలోకి వచ్చింది. మీ నాయిఫ్ మామయ్య చేదు కాఫీ తాగుతున్నాడు. కప్పు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "నా చెల్లెల్ని పస్తులు పెట్టి పంపించారు. దాని కూతురు కూడా ఆ ఆపరేషన్ బల్ల ఎక్కిందంటే, నా పెళ్ళాం వద్హాకు విడాకులే. అందరూ వినండి" అన్నాడు. అందరూ విన్నారు. నేను నోరెత్తలేదు. ఏడుస్తున్న మనిషితో వాదించకూడదని అనుకున్నాను.

మీ అత్త వద్హా మాత్రం మర్నాడు వంటింట్లో గిన్నెలు తోముతూ నాతో అంది: "అన్నయ్యా, ఈయన నన్ను ఎన్నిసార్లు విడాకుల గుమ్మం దాకా తీసుకెళ్ళి తెచ్చాడో లెక్కలేదు. ఒక్కసారైనా తప్పు నాదా? ప్రతిసారీ ఎవరో ఒకరు రెండో వడ్డన వద్దనడమే."

ఆకలి సంగతి డాక్టరునే అడిగాను. గుండె చాలా కాలంగా బలహీనంగా ఉందట. బరువు తగ్గడం దానికి మేలే చేసిందట, కీడు చేయలేదట. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు. నిజమా కాదా అని నువ్వే ఆయనకు ఫోను చేసి అడగొచ్చు.

నువ్వు ఇంకొకటి అడిగావు. మామయ్య ఒట్లకు అమ్మ అడ్డుకట్ట ఎలా వేసిందని. అప్పట్లో మేమిద్దరం ఫోనులో నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడు చెప్తాను.

ఆమె ఆపరేషన్ తేదీ రెండుసార్లు వాయిదా పడింది కదా. కాలేయం వాపు తగ్గలేదు, ఇంకా బరువు దిగాలి అన్నారు. ఆ రెండుసార్లూ కారణం మీ మామయ్య ఇంటి పళ్ళెమే. శుక్రవారం భోజనానికి వెళ్ళడం తప్పదు. వెళ్తే మన్సఫ్, అన్నం మీద పెరుగులో వండిన మాంసం, తప్పదు. ఈమె పెరుగు గిన్నె ముందు పెట్టుకుంటే, ఆయన మాంసం ముద్ద చేసి ఈమె వైపు జరిపి, "ఇది తినకపోతే వద్హాకు విడాకులే" అనేవాడు. ఈమె వదిన మొహం చూసి తినేది. మొదటి ముద్ద వదిన కోసం. ఆ తర్వాతవి తనకోసమే అని నాతో ఒప్పుకుంది. "ఒకసారి తలుపు తీశాక దాన్ని మూసే మనిషిని కాను నేను" అనేది.

రెండోసారి తేదీ పోయాక ఒక శుక్రవారం మీ మామయ్య ఇంట్లో భోజనానికి ముందే కాఫీ అడిగింది. మామయ్య స్వయంగా పోసి ఇచ్చాడు. ఆమె కప్పు అందుకుని, తాగకుండా తన ముందు నేల మీద పెట్టింది.

పెళ్ళి సంబంధం అడగడానికో, రక్తపు తగవు తీర్చడానికో వెళ్ళిన పెద్దమనుషులు చేసే పని అది. అడిగింది ఇస్తామనేదాకా కాఫీ ముట్టరు. కప్పు చల్లారితే పరువు పోయేది ఇంటాయనది. ఆడమనిషి అలా పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. మామయ్య కూడా చూసి ఉండడు.

"తాగవే, చల్లారుతోంది" అన్నాడు.

"చల్లారనీ అన్నయ్యా. నాకు నీ మాట కావాలి."

"ఓహో. ఎవరికి పిల్లనడగడానికొచ్చావు? మా కొట్టంలో పెళ్ళికాని మేకలు తప్ప ఇంకెవరూ లేరు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "నా పొట్టను అడగడానికొచ్చాను. అది నీ దగ్గరుండిపోయింది" అంది.

మామయ్య మొహం ఎర్రబడింది. నా వైపు చూశాడు, ఇదంతా నేను నేర్పానేమోనని. నాకేం తెలుసు. వంటింటి గుమ్మంలోంచి వద్హా అంది: "ఇచ్చేయండి. పనిలో పనిగా నా విడాకులు కూడా నాకిచ్చేయండి, పెట్టెలో దాచుకుంటాను."

చివరికి ఆయన, "తాగు. నీ పొట్ట నీది. నా ఇంట్లో నీ మీద ఎవడూ ఒట్టు పెట్టడు" అన్నాడు. ఆమె చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగింది. ఆ తర్వాత పండక్కి పెద్ద పళ్ళెం చుట్టూ అందరం కూర్చున్నప్పుడు, పెరుగు గిన్నె ఆయనే తెచ్చి ఆమె ముందు పెట్టాడు. బలవంతం చేయబోయిన ముసలావిడను కసురుకున్నాడు కూడా. మాట అంటే మాటే ఆయనకు. ఇప్పుడు ఆ మాట ఇచ్చి చెల్లెల్ని చంపుకున్నానని అనుకుంటున్నాడు. గుడారంలో అరిచింది ఆ మనిషి.

నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. "అమ్మకున్న పట్టుదల నాకు లేదు నాన్నా. ఆ రోజు నుంచి ఏది కనిపిస్తే అది తింటున్నాను. ఏడుస్తూ తింటున్నాను" అని రాశావు.

తిన్నందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. నేను మూడు రోజులు పచ్చి నీళ్ళు కూడా మింగలేకపోయాను. అందులో గొప్పేమీ లేదు. దుఃఖం ఒక్కొక్కరి నోటితో ఒక్కోలా ఆడుకుంటుంది.

పట్టుదల సంగతి. అమ్మకూ లేదు. ఒకసారి నేను బేకరీ నుంచి వేడి రొట్టెలు తెస్తే, ఒకటి తీసి రెండు చేతులతో మొహానికి ఆనించుకుని అలాగే నిలబడింది. తర్వాత దాన్ని నా పళ్ళెంలో పెట్టింది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఎలా ఆగగలిగావని అడిగాను. "ఆగడం నావల్ల అయ్యేది కాదు. సాయంత్రం అది ఫోను చేసి ఏం తిన్నావమ్మా అంటుంది. అబద్ధం చెప్తే నా గొంతులోనే పట్టేస్తుంది. నేను చేసేదల్లా సాయంత్రం దాకా ఉండటమే" అంది. మీరిద్దరూ ఒకరికొకరు ఆ పూట తిన్నది చెప్పుకునేవారు కదా. మీరు చారు గురించి, పెరుగు గురించి అంతంత సేపు ఏం మాట్లాడుకుంటారా అని నేను విసుక్కునేవాణ్ణి. ఆమెకున్నదల్లా ఆ ఫోనే.

ఇప్పుడు చెప్పవలసింది చెప్తాను. చెప్పనని ఆమెకు మాటిచ్చాను. నీ ఆపరేషన్ అయ్యేదాకా నీకు తెలియకూడదంది. నువ్వు ఆపరేషన్ సంగతి తేల్చుకోలేక ఆగిపోయావు కాబట్టి ఆ మాట తప్పుతున్నాను.

తన తేదీ నీ తర్వాతకు మార్చారని అమ్మ నీకు చెప్పింది. మార్చలేదు. తీసేశారు.

మూడోసారి అమ్మాన్ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు గుండె పరీక్ష చేశారు. మత్తుమందుకు ఈ గుండె తట్టుకోదు, ఆపరేషన్ ఆలోచన మానుకోండి అన్నాడు డాక్టరు. మందులు రాశాడు. గుడ్డు, చేప, ఆకుకూర తినమన్నాడు. ఆమె అన్నిటికీ తలూపింది. తిరుగు దారిలో ఖత్రానా దగ్గర బస్సు ఆగితే టీ తాగడానికి దిగాం. పక్కనే పెనం మీద జాతర్ ఆకుల పొడి చల్లిన రొట్టె కాలుస్తున్నారు. నేను ఒకటి కొని ఆమె చేతిలో పెట్టాను. "ఇక దేనికోసం సిహామ్? తిను" అన్నాను. నా గొంతు నాకే బాగోలేదు.

ఆమె రొట్టెను కాగితంలో మళ్ళీ చుట్టి నాకిచ్చింది. "సాయంత్రం మైసూన్ ఫోను చేస్తుంది" అంది.

"చెప్పేద్దాం దానికి."

"వద్దు. దానికిప్పుడే మోకాళ్ళ నొప్పులు. డాక్టరు దానికి తేదీ ఇచ్చాడు. నేను ఆగిపోయానని తెలిస్తే అదీ ఆగిపోతుంది. అది నా కూతురు, నాకు తెలీదా?"

"మరి నీకేం మిగిలింది?"

"నాకా? అదేం తిన్నదో రోజూ వింటాను కదా."

ఆ తర్వాత కూడా ఆమె రొట్టె, అన్నం, తీపి ముట్టలేదు. ఏ తేదీ కోసమూ కాదు. దర్జీ దగ్గరికెళ్ళి గౌను మళ్ళీ బిగించమని ఇచ్చింది. అది ఇంకా దర్జీ కొట్లోనే ఉంది. తెచ్చుకోలేదు.

ఇది చదివి, నీకోసం ఆమె కడుపు మాడ్చుకుందని అనుకుంటావేమోనని భయంగా ఉంది. అందుకే నాలుగు కాగితాలు చింపాను. అలా అనుకోకు. ఆ రోజుల్లో ఆమె మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళి బట్టలు ఆరేసేది. ఎన్నేళ్ళయిందో ఆమె మేడ ఎక్కి. పై నుంచి కోట కనబడుతోందని నన్ను పిలిచింది, నేనెప్పుడూ చూడనట్టు. సాయంత్రమయ్యేసరికి ఫోను దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. నువ్వు ఆ పూట తప్పు చేశానని చెప్తే తిట్టేది కాదు. పెట్టేశాక నాతో, "నిజం చెప్పింది" అనేది సంతోషంగా. ఆమెను నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఎరుగుదును. ఆకలితో ఉన్న మనిషి అలా ఉండదు.

నిన్ను బల్ల ఎక్కమని చెప్పను. వద్దనీ చెప్పను. నీ శరీరం, నీ డాక్టరు. కానీ అమ్మ పోయిందని మానుకోకు. మామయ్య ఒట్టుకు భయపడీ మానుకోకు. మసీదు ఇమామును అడిగాను. భార్యను వదిలేయాలని కాక, ఎదుటివాళ్ళను ఆపాలని పెట్టిన ఒట్టయితే సంసారానికేమీ కాదన్నాడు. ఒట్టు పెట్టినాయన పదిమంది పేదలకు కడుపునిండా అన్నం పెట్టి తప్పు దించుకుంటే చాలట. మీ మామయ్యకు ఇంతకంటే ఇష్టమైన శిక్ష వేయగల ఖాజీ ఈ దేశంలో లేడు. అయితే ఇది ధర్మం ఒక్కటే తేల్చే సంగతి కాదు. నలుగురిలో అన్న మాటను ఆయనే నోటితో వెనక్కి తీసుకోవాలి. నేను చెప్తే తీసుకోడు. గుడారంలో నోరెత్తనివాడు నాకిప్పుడు చెప్పొచ్చాడా అంటాడు. అది నిజమే కూడా.

మిగతా కబుర్లు. పుదీనా బతికే ఉంది. మీ అమ్మ దాచిన ఎండు పెరుగు జమీద్ గడ్డలు డబ్బా నిండా ఉన్నాయి, ఏం చేయాలో రాయి. ఇరుగుపొరుగు వంట పంపడం మానేశారు, నాకదే హాయిగా ఉంది. ఈ పూట చారు కాచుకున్నాను. ఉప్పు ఎక్కువైంది. గాలిబ్‌కు నా దీవెనలు చెప్పు.

సాయంత్రాలు ఫోను చెయ్యి. ఏం తిన్నావో చెప్పు, ఏదైనా సరే. నేనూ చెప్తాను. నా వంటలో వినడానికి పెద్దగా ఉండదు.

రేపు ఉదయం మీ మామయ్య ఇంటికి వెళ్తాను. ఆయన కాఫీ పోస్తాడు. నేను కప్పు కింద పెట్టి, ఖత్రానాలో మీ అమ్మ చెప్పింది చెప్తాను. ఆయన ఒట్టు వెనక్కి తీసుకునేదాకా కూర్చుంటాను.

ఇట్లు,
సాయంత్రం ఫోను ఎత్తే
మీ నాన్న,
అదీబ్