చిటికెన వేలు ఒక్కటే పడిన దరఖాస్తు

పాస్‌పోర్టు కార్యాలయపు పై అధికారి గారి సముఖమునకు,
ఆసుపత్రి లాండ్రీలో మరకల బల్ల దగ్గర పనిచేయు స్త్రీ సమర్పించుకొను అర్జీ.

విషయం: మా వదిన గారి వేలిముద్రలు యంత్రమునకు అందకపోవుట – నలభై ఐదు రోజుల గడువు మినహాయించి, వచ్చే నెల పద్దెనిమిదో తేదీ పోటీకి ముందే ఆమెకు పాస్‌పోర్టు ఇప్పించుట – గురించి.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తేవడమైనది. ఇంతకుముందు ఇదే కార్యాలయమునకు నేను మూడు అర్జీలు పెట్టుకొని ఉన్నాను. అవి నా వేళ్ళ గురించి. ఇది నా వేళ్ళ గురించి కాదు. పాత కాగితాలతో కలిపి కట్టేసి అటక ఎక్కించవద్దని మొదటనే మనవి.

1. నేనూ, నా భర్తకు అక్కగారైన మా వదినా, సముద్రం అవతలి దేశంలో జరుగు ఈత-పరుగు పోటీకి ఎంపికైనాము. ఒక దీవి నుంచి నీళ్ళలో దూకి, ఈది, ఇంకో దీవి ఎక్కి, ఆ దీవిని ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి, మళ్ళీ నీళ్ళలో దూకవలెను. ఇట్లు ఏడు దీవులు. బూట్లు విప్పుటకు వ్యవధి ఉండదు గనుక బూట్లతోనే ఈదవలెను. జంటగా పోవలెను. ఇద్దరి మధ్య పది మీటర్లకు మించి దూరము ఉండరాదు. ఒకరు ఆగిపోతే రెండోవారు కూడా ఆగిపోయినట్టే లెక్క. ఈ నిబంధన రాసినావిడకు ఆడపడుచు లేదని నా నమ్మకం.

మేము పతకాల కోసం పోవు వారము కాము. మాది ఔత్సాహికుల విభాగము. ఇక్కడి చెరువు పోటీలో మాది వెనక నుంచి రెండో స్థానం. మా వెనక వచ్చినవాళ్ళు దారి తప్పారు. అయినను పూర్తిచేసినవారందరికీ పిలుపు వచ్చినది.

2. మా వదిన పంతొమ్మిదేళ్ళు బడి బస్సు నడిపినది. ఆమె చూపు పక్కల నుంచి మూసుకుపోతున్నది. ఎదురుగా ఉన్నది కనపడును, పక్కన ఉన్నది కనపడదు. చిన్న అక్షరాలు ఆరు నెలలుగా కూడబలుక్కోలేకపోతున్నది. ఈ సంగతి డాక్టరు కంటే ముందు ఆమెకే తెలిసింది. ఒకనాడు బడి గేటు స్తంభానికి బస్సు పక్క అద్దం రాసుకున్నది. పిల్లలెవరికీ గీత కూడా పడలేదు. ఆమె బస్సు ఆపి, పిల్లలను దింపి లోపలికి పంపి, తాళాలు తీసుకెళ్ళి పెద్ద పంతులమ్మ బల్ల మీద పెట్టి, "ఇంక నాకివ్వకండి" అని చెప్పి ఇంటికి నడిచి వచ్చేసింది. ఎవరూ అడగలేదు, ఎవరూ కేసు పెట్టలేదు. తనే దిగిపోయింది. తరువాత మూడు నెలలు గదిలోంచి బయటికి రాలేదు.

3. ఆ మూడు నెలలు చూసి చూసి, లాండ్రీ నుంచి దండెం తాడు ఒకటి తెచ్చి (మా సూపర్‌వైజరు గారికి తెలియపరచవలదు), ఒక కొన ఆమె నడుముకూ, ఒక కొన నా నడుముకూ కట్టాను.

"ఏంటే ఇది? నన్ను గేదెలా తోలుకెళ్తావా?" అంది.

"నాకు ఈత నేర్పేటప్పుడు నువ్వు జుట్టు పట్టుకుని ఈడ్చలేదా వదినా? ఇప్పుడు నా వంతు."

నిజమే. పెళ్ళైన కొత్తలో నాకు ఈత నేర్పింది ఆమే. నా భర్తకు నీళ్ళంటే భయం, బకెట్టు దగ్గర కూడా ఒక అడుగు వెనక నిలబడతారు. అప్పటినుంచి రోజూ తాడు కట్టుకునే పరుగెత్తుతున్నాము, చెరువులో ఈదుతున్నాము. తాడు ఒకసారి గుంజితే మలుపు. రెండుసార్లు గుంజితే గుంత. మూడుసార్లు గుంజితే నేను అలిసిపోయానని అర్థం. మూడుసార్లు గుంజినప్పుడల్లా ఆమె ఇంకా వేగం పెంచుతుంది. ఇది ఫిర్యాదు కాదు, లేక ఫిర్యాదే అయినా తమ పరిధిలోనిది కాదు.

4. ఇక వేళ్ళ సంగతి. ఆసుపత్రి దుప్పట్లు యంత్రంలో వేయకముందు, రక్తపు మరకలను బల్ల మీద పరిచి, సోడా పొడీ బ్లీచింగు నీళ్ళూ పోసి చేత్తో రుద్దవలెను. పదకొండేళ్ళుగా అది నా పని. నా వేళ్ళ మీద గీతలు లేవు. మూడుసార్లు తమ యంత్రం నన్ను మనిషిగా ఒప్పుకోలేదు. మూడోసారి, మూడో కౌంటరులోని కళ్ళజోడు గుమాస్తా గారు దయతలచి, "పదిహేను రోజులు చేతులు నీళ్ళలో పెట్టకమ్మా, గీతలు మళ్ళీ వస్తాయి" అన్నారు. ఉతికేదాన్ని, ఈదేదాన్ని, నీళ్ళలో చెయ్యి పెట్టకుండా ఎలాగండీ అని అడిగితే, "అది మా సెక్షను కాదు" అన్నారు.

సెలవు అడిగితే మా సూపర్‌వైజరు, "నీ బల్ల దగ్గర ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి నువ్వే కానక్కర్లేదు" అన్నాడు.

నిలబడింది మా వదిన.

5. సదరు పదిహేను రోజులూ నేను చేతులకు నూనె రాసుకుని కొత్త కోడలిలా కూర్చున్నాను. ఈత మాని పరుగు మాత్రమే చేశాము. ఇంట్లో గిన్నెలు మా ఆయన ఒడ్డున నిలబడే తోమారు. వదిన నా బల్ల దగ్గర నా పని చేసింది. రబ్బరు తొడుగులు వేసుకోమని ఎంత మొత్తుకున్నా వినలేదు.

"తొడుగులేసుకుంటే మరక ఎక్కడుందో నాకెలా తెలుస్తుందే? నేను చూసి పట్టుకోవట్లేదు, తడిమి పట్టుకుంటున్నా."

రక్తం ఎండినచోట బట్ట అట్టలా బిగుసుకుని ఉంటుంది. ఆమె దుప్పటి అంతా వేళ్ళ చివర్లతో తడుముతూ పోయి, దొరికినచోట ఆగి, అది మెత్తబడేదాకా రుద్దేది. కళ్ళున్న మేము వదిలేసినవి కూడా పట్టుకుంది. "మీ వదినను ఉంచేసి నువ్వు ఇంట్లోనే ఉండు" అన్నాడు సూపర్‌వైజరు. నాకు ఒళ్ళు మండింది, గర్వంగానూ ఉండింది.

6. పదహారో రోజున ఇద్దరమూ తమ కార్యాలయమునకు హాజరైనాము. నా పది వేళ్ళూ అచ్చు గుద్దినట్టు పడినవి. తరువాత మా వదిన చెయ్యి పెట్టినది.

అయ్యా, అప్పటిదాకా నాకు తట్టలేదు. నలభై దాటిన మనుషులం, ఇద్దరం రోజూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం, నా వేళ్ళు మిగల్చడానికి ఆమె వేళ్ళు అరగదీస్తున్నామని ఒక్కరికీ బుర్రకెక్కలేదు. ఇంత తెలివితక్కువతనం తమ కార్యాలయ చరిత్రలో ఉండి ఉండదు. ఆమెకు ఎడమ చిటికెన వేలు ఒక్కటే పడినది. ఆ వేలు రుద్దేటప్పుడు పని ఎగ్గొట్టిందన్నమాట. నిబంధన ప్రకారం నాలుగు వేళ్ళు కావలెనట. మళ్ళీ పరీక్ష నలభై ఐదు రోజుల తరువాతేనట. పోటీకి ఇరవై నాలుగు రోజులే ఉన్నవి.

7. వేళ్ళకు బదులు కన్ను చూపించవచ్చునని గోడ మీద రాసి ఉన్నది. ఆ కంటి యంత్రం ఎనిమిది నెలలుగా పనిచేయుట లేదని యంత్రం మీదే రాసి అంటించి ఉన్నది.

8. ఈ సంగతి రాసి పంపితే, మీ జతను మార్చుకోవచ్చునని పోటీవారు జాబు రాశారు. మార్చుకోను.

9. మర్నాడు నేనొక్కదాన్నే వచ్చి అడిగితే, వచ్చే ఏడాది వెళ్ళండి అని గుమాస్తా గారి సలహా. వచ్చే ఏడాదికి ఆమె చూపు ఎంత మిగులుతుందో చెప్పలేనని డాక్టరు గారన్నారు. పోయినసారి కూడా అలాగే అన్నారు, అప్పటికి ఇప్పటికి సగం పోయింది. ఈ పోటీ ఎందుకు వదినా, మన చెరువు చాలదా అని నేను ఒకసారి విసుక్కుంటే ఆమె ఏమన్నదో తమకు విన్నవించుకుంటాను. "ఒక దీవి మీద నిలబడి ఇంకో దీవిని చూడాలే. అది ఎదురుగానే కదా ఉండేది. ఎదురుగా ఉన్నది నాకింకా కనిపిస్తుంది."

నాకు భయంగా ఉందండీ. రోజూ పొద్దున తాడు కట్టేటప్పుడు, ఈ రోజు ఇంకెంత తగ్గిందోనని ఆమె ముఖం చూడలేకపోతున్నాను.

కావున తమరు దయయుంచి, ఆ ఒక్క చిటికెన వేలునే నాలుగు వేళ్ళుగా పరిగణించవలెను. అది కుదరనియెడల ఆమె సంతకము తీసుకొనవలెను. పంతొమ్మిదేళ్ళు బడి హాజరు పుస్తకంలో రోజుకు రెండుసార్లు పెట్టిన సంతకం అది, ఎక్కడైనా పోల్చి చూసుకోవచ్చును. అదియును కుదరనియెడల, ఒక వేలు ఆమెది, మూడు వేళ్ళు నావి కలిపి తీసుకొనవలెను. ఆమె సాయంతో వచ్చిన గీతలే గనుక వాటి మీద ఆమెకూ హక్కు ఉన్నది. ఇద్దరమూ తాడు కట్టుకునే హాజరవుతాము.

ఈ విన్నపమును తమరు చిత్తగించవలెను, చిత్తగించి ఊరుకొనకుండవలెను.

తమ విధేయురాలు,
మరకల బల్ల, ఆసుపత్రి లాండ్రీ.
(సంతకం వచ్చును. అయినను వేలిముద్ర కూడా వేశాను. ఎంత బాగా పడిందో చూడండి. ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తమకిప్పుడు తెలుసు.)

తా.క.: కష్టం మీ వదినదైతే అర్జీ నువ్వెందుకు పెట్టావని తమరు అడగవచ్చు. ఆమెకు తెలియదండీ.

ఆ రోజు యంత్రానికి ఎడమపక్కన ఎర్ర దీపం వెలిగింది. ఆమెకు పక్కన ఉన్నది కనపడదు. "పడ్డాయా?" అంది. నా నోట్లోంచి "పచ్చ దీపం వదినా" అని వచ్చేసింది. గుమాస్తా గారు నా ముఖం చూసి, ఏమీ అనకుండా చీటీ నా చేతిలో పెట్టారు. ఆయనను ఏమీ అనవద్దు. ఆమె అప్పుడే పెట్టె సర్దేసింది. ఇది నేను లాండ్రీలో, దుప్పట్ల గుట్ట వెనక కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో ఆమె దండెం తాడు ఒళ్ళో పెట్టుకుని, ముడులు గట్టిగా ఉన్నాయో లేదో ఆ గీతల్లేని వేళ్ళతోనే తడిమి చూసుకుంటోంది.

ఇవ్వగలిగితే ఇవ్వండి. తమ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఇవ్వలేకపోతే మాత్రం ఉత్తర్వులో ఆమె పేరు రాయవద్దు. నా దరఖాస్తు తిరస్కరించండి, నా వేళ్ళే పడలేదని రాయండి. మూడుసార్లు పడలేదు గనుక నమ్ముతుంది. నన్ను నాలుగు తిట్లు తిడుతుంది, తిట్టడానికి ఆమెకు కళ్ళతో పని లేదు. నా బల్ల దగ్గర నిలబడి తన ప్రయాణం తనే పోగొట్టుకుందని మాత్రం ఆమెకు తెలియకూడదు.

మా ఇంటికి వచ్చే ఉత్తరాలు ఆమెకు చదివి వినిపించేది నేనే. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదవనివ్వండి.