ఆఖరున వచ్చినా, అన్నా

అన్నా,

మొన్ననే నీ సంవత్సరీకం చేసినాము. మనిద్దరం కలిసి దిగుదామనుకున్న ఈత, సైకిలు, పరుగు పోటీలో నిన్న కడపలో నేనొక్కడినే దిగినా. అందరికన్నా ఆఖరున వచ్చినా.

ఈత బాగానే అయింది. నడుముకు బెండు కట్టి మన బాయిలో నువ్వు నేర్పిందే కదా. సైకిలు దిగేసరికి తొడలు పట్టేసినాయి. పరుగు సగంలో ఇంక చేతగాక రోడ్డు పక్కన కూలబడినా.

నీళ్లు ఇస్తాండే ఆయమ్మ దగ్గరికొచ్చి, "నీ వెంబడి ఎవురన్నా వచ్చినారా అప్పా?" అని అడిగింది.

"మా అన్న వస్తాండాడు" అనేసినా. ఎందుకన్నానో తెలీదు.

ఆమె ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని రోడ్డు పొడుగునా చూస్తాంటే నాకు ఆడ కూచోబుద్ధి కాలేదు. లేసి మెల్లగా నడిచినా. మలుపు కాడ తిరిగి చూస్తే, ఆయమ్మ ఇంకా నీ కోసమే చూస్తాండాది.

నీ తమ్ముడు