రెండో కాగితం

పెద్దమ్మా,

కారు చేజారిందని అమ్మ నీకు ఫోన్ చేసి ఏడ్చిందట. కంగారుపడకు, కారు వాకిట్లోనే ఉంది.

కొన్న పదో రోజున పాత కార్ల షాపాయన పిలిచి, "నీ లోను రాలేదమ్మా. వడ్డీ పెంచి ఇంకో కాగితం రాశాం. సంతకం పెట్టు, లేదా తాళాలిచ్చి వెళ్ళు" అన్నాడు. నేను, "రాలేదని ఫైనాన్సువాళ్ళు రాసిచ్చింది చూపించండి" అన్నాను. ఆయన చూపించలేదు. నేరుగా ఫైనాన్సు ఆఫీసుకే వెళ్ళాను. లోను మొదటి రోజే మంజూరైందని అక్కడి మేనేజరమ్మ ముద్ర వేసి రాసిచ్చింది. అది చూశాక షాపాయన, "పొరపాటైంది తల్లీ" అన్నాడు.

ముందే చెప్పలేదని తిట్టకు. చెబితే ఆ మోకాళ్ళ నొప్పులతోనే వాడి మీదికి యుద్ధానికి వచ్చేదానివి. ఇక ఆసుపత్రికి బస్సులో నిలబడి వెళ్ళే పని నీకు లేదు. సోమవారం ఎనిమిదింటికి వస్తాను. నా పక్క సీట్లోనే కూర్చో. కానీ బ్రేకు వేసినప్పుడల్లా దేవుణ్ణి పిలవకూడదు, మాటివ్వు.

నీ చిన్నది